పెన్నా తీరాన జల పరిశోధన: యువ శాస్త్రవేత్తలకు ఆర్థిక సహాయ పథకాలు

(ప్రత్యేక వ్యాసం)

వైఎస్సార్ కడప జిల్లా పడమటి భాగాన ఉన్న ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాల మధ్య దూరం స్వల్పమే. ఉదయం ప్రొద్దుటూరులో బయలుదేరిన వ్యక్తి జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా మధ్యాహ్న భోజన వేళకు ముందే పులివెందుల చేరుకోగలడు. నీటి విషయంలో మాత్రం ఈ మూడు ప్రాంతాలూ మూడు విభిన్న స్వభావాలు కలిగి ఉన్నాయి. ఒకచోట నది ఇసుక, మరొకచోట సున్నపురాయి, ఇంకొకచోట వందల అడుగుల లోతున రాతి పగుళ్లు ప్రజలకు నీటి ఆధారాలుగా ఉన్నాయి. ఈ ఆధారాలను శాస్త్రీయంగా కొలిచి, ఏటికేడు నమోదు చేసి, ఫలితాలను రైతాంగానికి, పురపాలక సంఘాలకు అందించే పరిశోధన ఆవశ్యకత ఎంతైనా ఉంది. అందుకు కావలసిన ధనసహాయం కేంద్ర సంస్థల వద్ద ఉన్నది. పరిశోధన చేయగల యువ అధ్యాపకులు ఈ ప్రాంత కళాశాలల్లోనే ఉన్నారు. ఈ రెండింటి నడుమ ఉన్న దూరాన్ని తగ్గించే సమాచారాన్ని ఒకచోట చేర్చడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పోరుమామిళ్ల శాసనం

జలశాస్త్రానికి, రాజాదరణకు గల సంబంధం ఈ జిల్లాకు కొత్త విషయం కాదు. పోరుమామిళ్ల చెరువు కట్టపై గల శాసనం శకవర్షం 1291, అనగా క్రీస్తు శకం 1369 నాటిది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి కేంద్రంగా ఈ ప్రాంతాన్ని పాలించిన భాస్కరుడు ఈ చెరువును నిర్మింపజేశాడు. ప్రతిదినం వెయ్యిమంది కూలీలు, రాతిని చేరవేసేందుకు వంద బండ్లు, రెండేళ్ల కాలం పనిచేసినట్లు శాసనం చెబుతున్నది. అంతకంటె విశేషమైన అంశం మరొకటి ఉన్నది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలను, దానికి కలిగే ఆరు దోషాలను ఈ శాసనం పేర్కొన్నది. ధర్మపరుడైన పాలకుని వెంటనే జలశాస్త్రం తెలిసిన పండితుని కూడా సాధనాల్లో చేర్చడం గమనార్హం. గట్టి నేల, తీయని నీటి నది, కొండల ఆనుకట్టు వంటివి ఆ తరువాతి సాధనాలు.

ఇక దోషాల జాబితాను చూసినప్పుడు, నేటి ఇంజనీరు సైతం ఒక క్షణం ఆగక తప్పదు. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, నడుమ మిట్ట ఉండడం, నీరు స్వల్పమై సాగుభూమి అధికం కావడం, భూమి స్వల్పమై నీరు అధికం కావడం అనేవి ఆ ఆరు దోషాలు. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు ప్రవహించే పెన్నాకు వీటిలో మూడోది, అయిదోది నేటికీ వర్తిస్తాయి. నదిపై ఎగువన ఒక రాష్ట్రం, దిగువన మరొక రాష్ట్రం ఉన్నాయి. తడపవలసిన భూమి నీటికి అనేక రెట్లు ఉన్నది.

మూడు పట్టణాలు, మూడు ప్రశ్నలు

ప్రొద్దుటూరు పెన్నా ఒడ్డున ఉన్న వాణిజ్య పట్టణం. ఏడాదిలో అనేక మాసాలు నది పైకి ఇసుక మేటగానే కనిపించినప్పటికీ, ఆ ఇసుక పొరలలోని నీరే చిరకాలంగా పట్టణ తాగునీటికి ఆధారం. వేసవిలో ఎగువ మైలవరం జలాశయం నుంచి నదిలోకి నీటిని విడుదల చేసి ఈ పొరలను నింపడం ఆనవాయితీగా వస్తున్నది. విడుదలైన నీటిలో ఎంత భాగం పట్టణం వరకు చేరుతున్నది, ఎంత ఇసుకలో ఇంకుతున్నది, ఎంత ఆవిరవుతున్నది అనే లెక్క కాగితంపై తేలిక, క్షేత్రంలో కష్టం. ఇసుక తవ్వకం జరిగిన చోట ఈ లెక్క మారిపోతుంది. పట్టణానికి తూర్పున, ఉత్తరాన ఉన్న ఆయకట్టుకు కర్నూలు-కడప కాలువ ఆధారం. 1860 దశకంలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఆరంభించిన ఈ కాలువను ప్రభుత్వం 1882లో కొనుగోలు చేసింది. కాలువ కింద వరి పండే గ్రామాలలో భూగర్భ జలం పైకి వచ్చి చవుడు ఏర్పడే సమస్య కాగా, కొద్ది మైళ్ల దూరంలోని మెట్ట గ్రామాలలో బోర్లు ఎండిపోయే సమస్య ఉంటుంది. ఒకే పరిశోధక విద్యార్థి ఒకే రోజున ఈ రెండింటినీ చూసి రావచ్చు.

జమ్మలమడుగు ప్రాంతం సున్నపురాతి నేల. కడప బండలుగా దేశమంతటా పేరొందిన నాపరాళ్లు ఇక్కడివే. భూవిజ్ఞాన శాస్త్రంలో నర్జి సున్నపురాయి, గండికోట క్వార్ట్జైట్, పులివెందుల క్వార్ట్జైట్, వేంపల్లె పొరలు అనే పేర్లు ఈ ఊళ్ల నుంచి వచ్చినవే. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలాస్తరాలపై వెలువరించిన గ్రంథం నేటికీ పరిశోధకులకు తొలి మెట్టుగా ఉన్నది. సున్నపురాయిలో నీరు సన్నని రంధ్రాల గుండా నెమ్మదిగా ఊరదు. కరిగిన సందుల గుండా వేగంగా సాగిపోతుంది. అందువల్ల ఒక బావిలో పుష్కలంగా నీరుండగా పక్క బావి వట్టిపోవచ్చు. ఒకచోట చేరిన కలుషితం ఊహించని చోట తేలవచ్చు. దీనికి తోడు గాలేరు-నగరి సుజల స్రవంతిలో భాగంగా 26.85 టీఎంసీల సామర్థ్యంతో గండికోట జలాశయం ఏర్పడింది. ఇంత పెద్ద నీటి నిల్వ రాతి లోయలో నిలిచిన తరువాత చుట్టుపక్కల బావుల నీటిమట్టం, నీటి రసాయన గుణం ఏ విధంగా మారుతున్నాయనే అంశం ఒక డాక్టరేటుకు కాదు, పది డాక్టరేట్లకు సరిపడే విషయం. జలాశయం కోసం గ్రామాలను వదలి వెళ్లిన కుటుంబాల పునరావాస కాలనీలలో తాగునీటి నాణ్యత కూడా ఇందులో భాగం కావలసి ఉంటుంది.

పులివెందుల విషయం మరింత సున్నితమైనది. జిల్లా సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 700 మిల్లీమీటర్లు కాగా పడమటి మండలాల్లో అంతకంటె తక్కువ. అయినప్పటికీ చీనీ, అరటి తోటలకు ఈ ప్రాంతం ప్రసిద్ధి. (కోస్తా జిల్లాలవారు బత్తాయి అనే పండునే సీమలో చీనీ అంటారు.) చీనీ చెట్టు కాపుకు వచ్చేందుకు ఏళ్లు పడుతుంది. ఒక్క వేసవి బోరు ఎండితే ఆ ఏళ్ల పెట్టుబడి కట్టెల కింద అమ్ముడుపోతుంది. ఈ పరిసరాల్లోని పలు మండలాలు గతంలో జరిగిన భూగర్భ జల అంచనాలలో పరిమితికి మించిన వినియోగం గల జాబితాలో ఉంటూ వచ్చాయి. ఏటా ఇంకే నీటికంటె తోడే నీరు ఎక్కువైతే, అనగా వినియోగం నూరు శాతం దాటితే, ఆ మండలాన్ని ఈ జాబితాలో చేరుస్తారు. బిందు సేద్యం విస్తరణ, తుంగభద్ర ఎగువ కాలువ నుంచి పులివెందుల బ్రాంచి కాలువ, పార్నపల్లె వద్ద 10 టీఎంసీల చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు, 6 టీఎంసీల పైడిపాలెం జలాశయం, గండికోట నుంచి ఎత్తిపోతలు పరిస్థితిని కొంత మార్చాయి. ఎంత మార్చాయి, ఏ గ్రామంలో మార్చాయి, మార్చని గ్రామాలు ఏవి అనే వివరాలు స్వతంత్రంగా కొలిచి చెప్పవలసినవి.

నాణ్యత మరొక ప్రశ్న. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించరాదని, వేరే ఆధారం లేనిచోట 1.5 వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించింది. యురేనియం పరిమితి లీటరుకు 0.03 మిల్లీగ్రాములు. వేముల మండలం తుమ్మలపల్లె వద్ద 2012లో యురేనియం ఉత్పత్తి ఆరంభమైంది. వ్యర్థాల చెరువు సమీప గ్రామాల రైతులు బోరునీటిపై ఫిర్యాదు చేయగా, కాలుష్య నియంత్రణ మండలి పరిశీలన జరిపిన విషయం విదితమే. ఇక్కడి వేంపల్లె డోలమైటు పొరలలో యురేనియం సహజంగానే ఉన్నందున, బావినీటిలో కనిపించినది రాతి నుంచి వచ్చినదా, గని నుంచి వచ్చినదా అనేది వాదనతో తేలదు. ఐసోటోపుల నిష్పత్తి, నీటి ప్రవాహ దిశ, గని ప్రారంభానికి ముందునాటి కొలతలు ఉంటేనే తేలుతుంది. ముందునాటి కొలతలు ఎంత విలువైనవో అవసరం వచ్చినప్పుడే తెలుస్తుంది.

ఎవరు చేయగలరు?

ఇరవై ఏళ్ల క్రితం ఈ ప్రశ్నకు సమాధానం తిరుపతి, అనంతపురం, హైదరాబాదు వైపు చూపేది. 2006లో కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆ విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాల ప్రొద్దుటూరులో ఉన్నది. అదే 2006లో పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల ప్రారంభమై, 2008 నుంచి అనంతపురం జేఎన్‌టీయూ పరిధిలోకి వచ్చింది. వేంపల్లె సమీపాన ఇడుపులపాయలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక, సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణం 2008లో ఆరంభమైంది. జమ్మలమడుగు డిగ్రీ కళాశాలల రసాయన, భూగోళ శాస్త్ర అధ్యాపకులు ఈ సంస్థలతో కలిసి సహ పరిశోధకులుగా పాల్గొనవచ్చు. ప్రయోగశాలలో ఖరీదైన యంత్రం లేదనే కారణంతో దరఖాస్తు మానుకోవలసిన పనిలేదు. సున్నితమైన విశ్లేషణలకు హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వంటి చోట్లకు నమూనాలు పంపి, ఆ రుసుమును ప్రతిపాదనలోనే చూపవచ్చు.

అందుబాటులోని సహాయం

కేంద్రం 2008 చట్టంతో ఏర్పాటు చేసిన సైన్స్, ఇంజనీరింగ్ పరిశోధన బోర్డు, అనగా సెర్బ్, చాలా కాలం యువ అధ్యాపకులకు ప్రధాన ఆధారంగా నిలిచింది. ఉద్యోగంలో చేరిన తొలి రెండేళ్లలోపు వారికి రెండు సంవత్సరాలకు 30 లక్షల రూపాయల ప్రారంభ పరిశోధన గ్రాంటు ఈ బోర్డు ద్వారానే లభించేది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు, కళాశాలలు జాతీయ సంస్థలతో పోటీపడలేక వెనుకబడుతున్నాయనే ఉద్దేశంతో 2022లో వాటికి ప్రత్యేకించి మూడేళ్లకు 30 లక్షల రూపాయల వరకు ఇచ్చే పథకాన్ని కూడా సెర్బ్ తెచ్చింది.

2023లో పార్లమెంటు ఆమోదించిన చట్టం ద్వారా అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ ఏర్పడి, 2024 ఫిబ్రవరిలో చట్టం అమలులోకి రావడంతో సెర్బ్ అందులో విలీనమైంది. 2023-28 మధ్య అయిదేళ్లకు 50,000 కోట్ల రూపాయల వ్యయం అంచనా కాగా, ఇందులో ప్రభుత్వ వాటా 14,000 కోట్లు. మిగిలిన మొత్తం పరిశ్రమలు, దాతలు తదితర వనరుల నుంచి రావలసి ఉన్నది. ఈ సంస్థ 2024లో ప్రకటించిన ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ రీసెర్చ్ గ్రాంటు కింద శాశ్వత అధ్యాపక ఉద్యోగంలో ఉన్న యువ శాస్త్రవేత్తకు మూడేళ్లకు 60 లక్షల రూపాయల వరకు, దానికి అదనంగా సంస్థాగత ఖర్చులు లభిస్తాయి. వయోపరిమితి 42 సంవత్సరాలు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మహిళ, దివ్యాంగ అభ్యర్థులకు నిబంధనల మేరకు సడలింపు ఉన్నది.

ఉద్యోగం ఇంకా లభించని డాక్టరేటు పట్టభద్రులకు కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖవారి ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ పథకం ఉన్నది. నెలకు 1,25,000 రూపాయల వేతనం, ఏటా 7 లక్షల రూపాయల పరిశోధన గ్రాంటు అయిదేళ్లపాటు లభించే ఈ పథకంలో ఎంపిక కఠినంగా ఉంటుంది. కుటుంబ బాధ్యతల వల్ల పరిశోధనకు దూరమైన మహిళలకు అదే శాఖ వైజ్-కిరణ్ పేరిట ప్రత్యేక పథకాలు నిర్వహిస్తున్నది. ఈ శాఖ 2007లో నీటి సాంకేతికతపై ప్రత్యేక కార్యక్రమాన్ని కూడా ఆరంభించింది.

పై పథకాలు అన్ని శాస్త్రాలకూ ఉమ్మడివి. నీటికే ప్రత్యేకించినవి జలశక్తి మంత్రిత్వ శాఖ పరిధిలో ఉన్నాయి. పూర్వపు జలవనరుల మంత్రిత్వ శాఖ 1982లో జలశాస్త్రంపై జాతీయ కమిటీని నియమించి, 1978లో స్థాపితమైన రూర్కీ జాతీయ జలశాస్త్ర సంస్థలో దాని కార్యాలయాన్ని ఏర్పరచింది. విశ్వవిద్యాలయాల ప్రతిపాదనలు ఇటువంటి కమిటీల పరిశీలన అనంతరమే మంజూరవుతూ వచ్చాయి. 2016లో ప్రపంచ బ్యాంకు సహాయంతో ప్రారంభమైన జాతీయ హైడ్రాలజీ ప్రాజెక్టులో ప్రయోజనాత్మక అధ్యయనాలకు చోటు కల్పించారు. యురేనియం, రేడియోధార్మికత అంశాలకు అణుశక్తి విభాగపు పరిశోధన బోర్డు, అనగా బీఆర్‌ఎన్‌ఎస్, తగిన వేదిక. దేశవ్యాప్తంగా తాగునీటిలో యురేనియం పరిమాణాన్ని విశ్వవిద్యాలయాల ద్వారా కొలిపించిన కార్యక్రమం ఈ బోర్డు సహాయంతో జరిగినదే.

గ్రాంటు లెక్క, వాన లెక్క

ముప్పై లక్షలు వినడానికి పెద్ద మొత్తం. జూనియర్ రీసెర్చ్ ఫెలో వేతనం 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. ఇంటి అద్దె భత్యం కలపకుండానే రెండేళ్లకు ఒక్క ఫెలోకు 8,88,000 రూపాయలు అవుతాయి. మిగిలిన దానిలో పరికరాలు, నమూనాల పరీక్ష, వాహన వ్యయం ఇమడాలి. నీటి పరిశోధన గదిలో కూర్చుని చేసేది కాదు. లింగాల మండలంలోని యాభై బోర్ల నుంచి ఏడాదికి నాలుగుసార్లు నమూనాలు సేకరించాలంటే డీజిలు ఖర్చే ముందుగా గుర్తుకు రావాలి. దరఖాస్తుల్లో తరచుగా తక్కువగా చూపబడేది ఈ పద్దే.

అంతకంటె ముఖ్యమైనది కాలం. ఈ జిల్లాకు నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ వర్షమిస్తాయి. వానలకు ముందు మే నెలలో ఒకసారి, వానలు ముగిసిన పిదప మరొకసారి కొలిస్తేనే ఒక సంవత్సరపు చిత్రం కనిపిస్తుంది. గ్రాంటు జులైలో మంజూరై, పరికరాల కొనుగోలు టెండర్లు డిసెంబరు వరకు సాగినట్లయితే, రెండేళ్ల ప్రాజెక్టులో ఒక వానకాలం కాగితాల మీదనే గడిచిపోతుంది. పైగా కడప వాన ఏ రెండేళ్లూ ఒకే తీరున ఉండదు. 2021 నవంబరులో ఇదే జిల్లాలో చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన సంగతి ఎవరూ మరువలేదు. కరవు జిల్లాగా పేరుపడిన చోట వరద ప్రాణనష్టం కలిగించింది. అటువంటి సంవత్సరం కొలతల్లోకి వస్తే సగటు ఒక విధంగా, రాకపోతే మరొక విధంగా ఉంటుంది. రెండు మూడేళ్ల గ్రాంటుతో పదేళ్ల ప్రశ్నకు సమాధానం రాదు. ఒక గ్రాంటు ముగిసిన చోట మరొక గ్రాంటు మొదలయ్యే విధంగా ఒకే బావుల జాబితాను, ఒకే కొలత పద్ధతిని కళాశాల కొనసాగించగలగాలి. అధ్యాపకుడు బదిలీ అయినా, విద్యార్థి పట్టా పుచ్చుకొని వెళ్లిపోయినా ఆ రిజిస్టరు కళాశాలలోనే ఉండాలి.

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో 1964లో వచ్చిన జలవనరుల పరిశోధన చట్టం ఇటువంటి కొనసాగింపునకే బాట వేసింది. ప్రతి రాష్ట్రానికి ఒక జల పరిశోధన సంస్థను ఏదో ఒక విశ్వవిద్యాలయంలో నెలకొల్పారు. వాషింగ్టన్ డీసీ, పోర్టోరికో, గువామ్ వంటి ప్రాంతాలతో కలిపి అవి 54. అక్కడి భూవిజ్ఞాన సర్వే ద్వారా ఏటా వచ్చే కేంద్ర నిధికి స్థానిక సంస్థలు తమ వాటా చేర్చవలసి ఉంటుంది. చిన్న మొత్తాలతో స్థానిక సమస్యలపై పనిచేస్తూ, కొత్త శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు తొలి అవకాశం ఇవ్వడం ఆ చట్టం లక్ష్యాలలో ఒకటి. మన దేశంలో ధనం తక్కువ కాదనిపిస్తుంది. జిల్లా స్థాయిలో ఏటా తప్పక వచ్చే చిన్న మొత్తమే లోటు.

ప్రతిపాదన రూపొందించేవారికి

చేతిలో ఉన్న సమాచారంతో ప్రారంభించడం శ్రేయస్కరం. కేంద్ర జల సంఘం తాడిపత్రి, చెన్నూరు వద్ద పెన్నాను, కమలాపురం వద్ద పాపాఘ్నిని, అల్లాడుపల్లె వద్ద కుందూను కొలుస్తూ వస్తున్నది. గంగా, బ్రహ్మపుత్ర, సింధు నదుల ప్రవాహ వివరాలపై గల ఆంక్షలు పెన్నాకు లేవు. ఇండియా-విరిస్ పోర్టల్ ద్వారా ఈ వివరాలు పొందవచ్చు. రాష్ట్ర భూగర్భ జల శాఖ పీజోమీటర్ల నీటిమట్టాలు, జలాశయాల నిల్వలు రాష్ట్ర జలవనరుల సమాచార వ్యవస్థలో లభిస్తాయి. భూగర్భ జల అంచనాలు 2022 నుంచి ఏటా వెలువడుతున్నాయి.

మరొక నిధి గ్రామాలలోనే ఉన్నది. 2003 నుంచి 2009 వరకు కడప సహా ఏడు కరవు జిల్లాల్లో నెదర్లాండ్స్ సహాయంతో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ద్వారా రైతుల ఆధ్వర్యంలో భూగర్భ జల నిర్వహణ ప్రాజెక్టు నడిచింది. రైతులే వర్షమాపకాలు చూసి, బావుల లోతు కొలిచి, ఊరి నీటి బడ్జెటును గోడపై రాసి, ఏ పంట వేయాలో చర్చించుకొనేవారు. ఆనాటి కొలతల పుస్తకాలు కొన్ని ఊళ్లలో పెద్దల పెట్టెలలో ఉండవచ్చు. వాటిని వెతికి, నకలు తీసి, నేటి కొలతలతో పోల్చే ప్రతిపాదన ఖర్చులో చిన్నది, విలువలో పెద్దది.

దరఖాస్తులో సాధారణంగా కనిపించే లోపం ప్రశ్న విశాలంగా ఉండడం. 'రాయలసీమ నీటి సమస్య' అనే శీర్షిక పరిశీలకునికి ఏమీ చెప్పదు. 'మైలవరం విడుదల నీరు ప్రొద్దుటూరు చేరేలోపు పెన్నా ఇసుకలో జరిగే నష్టం' అంటే పని ఏమిటో, ఎక్కడో, ఎంతకాలమో వెంటనే బోధపడుతుంది. పురపాలక సంఘం, నీటిపారుదల శాఖ లేదా రక్షిత మంచినీటి విభాగం నుంచి ఫలితాలను వినియోగించుకుంటామనే లేఖ జతపరచినట్లయితే ప్రతిపాదనకు బలం చేకూరుతుంది. కళాశాల ప్రిన్సిపాల్ ఆమోదపత్రం, గ్రాంటుకు ప్రత్యేక బ్యాంకు ఖాతా, వినియోగ ధ్రువపత్రం సమర్పించే ఏర్పాటు ముందుగానే చూసుకోవాలి. వినియోగ ధ్రువపత్రం ఆలస్యమైతే రెండో విడత నిధులు ఆగిపోతాయి.

బావుల నుంచి నమూనా తీసే ముందు యజమాని సమ్మతి పొంది, పరీక్ష ఫలితాన్ని తెలుగులో రాసి ఆయనకు అందజేయాలి. ఫ్లోరైడు లేదా యురేనియం పరిమితి దాటినట్లు తేలిన పక్షంలో ఆ వివరాన్ని పత్రిక ప్రచురణ కోసం వేచి ఉంచక, ముందుగా మండల స్థాయి గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరుకు లిఖితపూర్వకంగా తెలియజేయవలసి ఉంటుంది. పథకాల ప్రకటనలు ఏడాది పొడవునా ఒకే తేదీన వెలువడవు. గడువు సాధారణంగా కొన్ని వారాలే ఉంటుంది. కనుక బావుల జాబితా, తొలి విడత కొలతలు, సహ పరిశోధకుల అంగీకారం ప్రకటన రాకముందే సిద్ధంగా ఉంచుకోవాలని, అర్హతలు, మొత్తాలు మారే అవకాశం ఉన్నందున ఆయా సంస్థల తాజా ప్రకటనను చూసుకొనిన పిదపనే దరఖాస్తు చేయాలని అభ్యర్థులకు సూచించడమైనది.